పాత్‌ఫైండర్ అన్నారు, దారి ముందే వేసి పెట్టారు: మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా

ఈ వీడియో గేమ్‌లో ఇయోస్ అనే గ్రహం మీద ఓడ దిగింది. ర్యాంప్ మీంచి నేల మీదికి నడిచాను. ఎదురుగా ఉన్నది కొత్త లోకం కాదు. ఎవరో కట్టుకుని, బతకలేక వదిలేసి పోయిన కాలనీ. తెరుచుకోని తలుపులు, ఆగిపోయిన కరెంటు, టెర్మినళ్ళలో అక్కడ ఉండిపోయినవాళ్ళు రాసుకున్న మెయిళ్ళు. ఇంకాస్త దూరం పోతే అలాంటిదే రెండోది. ఒకదాని పేరు ప్రామిస్, ఇంకోదాని పేరు రెజిలియెన్స్. పాలపుంత వదిలి, 634 ఏళ్ళు గాఢనిద్రలో ప్రయాణం చేసి, ఇంకో గెలాక్సీకి వచ్చి, పాత్‌ఫైండర్ అనే పదవి భుజాన వేసుకున్నాక నా మొదటి పని అది. దారి కనిపెట్టాల్సిన మనిషిని నేను. నాకంటే ముందే వచ్చినవాళ్ళు ఉన్నారు, ఇళ్ళు కట్టారు, చచ్చిపోయారు కూడా.

ఆ రోజు దాన్ని నేను మంచి ఎత్తుగడ అనుకున్నాను. ముందు వచ్చినవాళ్ళు ఓడిపోయిన చోట మనం గెలవాలి, కథ అలా మొదలవుతోంది కాబోలు అనిపించింది. తర్వాత కడారా అనే గ్రహానికి వెళ్తే అక్కడ బహిష్కృతులు ఊరు కట్టుకుని, బార్లు పెట్టుకుని, ముఠాలుగా విడిపోయి కొట్టుకుంటున్నారు. ఎలాడెన్ ఎడారికి వెళ్తే పాత ఆటల్లోని క్రోగన్ జాతివాళ్ళు అప్పటికే స్థిరపడి కొత్త కాలనీ పెట్టుకున్నారు. కొత్త గెలాక్సీలో మూడింట రెండు చోట్ల నాకు ఎదురైంది నాకు తెలిసిన జాతులే, నాకు తెలిసిన తగాదాలే, నాకు తెలిసిన తుపాకులే. 2017 మార్చిలో వచ్చిన మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా గురించి నా అసలు బాధ ఇదే. అందరూ పాత్రల ముఖాల గురించి మాట్లాడారు. ముఖాల గురించి నేనూ చెప్తాను, కానీ దీని గుండెలో ఉన్న జబ్బు వేరు. తెలియని చోటుకి తీసుకెళ్తామని మాట ఇచ్చిన ఆట, తెలియని చోటు అనేదాన్ని నాకు దాదాపు ఎక్కడా చూపించలేదు.

ఇది రెండుసార్లు పూర్తిగా ఆడినవాళ్ళు రాస్తున్న సమీక్ష. మొదటిసారి విడుదలైన నెలలోనే, రెండోసారి ప్యాచ్‌లన్నీ వచ్చేసి ఆట స్థిరపడ్డాక. 2007, 2010, 2012లో వచ్చిన మొదటి మూడు భాగాలూ నాకు కంఠతా వచ్చినంత పని. అందువల్ల పోలిక రాకుండా మాట్లాడలేను. కథలో కీలకమైన విషయాలు కూడా చెప్పేస్తాను కాబట్టి, ఆడాలనుకుని ఇంకా ఆడనివాళ్ళు ఇక్కడితో ఆపేయడం మంచిది.

కథ ఎత్తుగడ నిజంగా గొప్పది. 2185లో, అంటే పాత కథలో రెండో భాగం జరుగుతున్న కాలంలో, ఆండ్రోమెడా ఇనిషియేటివ్ అనే సంస్థ పెద్ద పెద్ద ఓడల్లో వేలాదిమందిని నిద్రపుచ్చి పంపిస్తుంది. మనుషుల ఓడ పేరు హైపీరియన్. అందరూ కలిసి ఉండాల్సిన కేంద్రం పేరు నెక్సస్, అది 14 నెలలు ముందే చేరుకుంటుంది. మనం కళ్ళు తెరిచేసరికి 2819. బయల్దేరే ముందు దూరం నుంచి చూసి, బంగారు లోకాలని పేరు పెట్టుకున్న గ్రహాలన్నీ ఈలోగా పాడైపోయి ఉంటాయి. స్కర్జ్ అనే నల్లటి, కాలుతున్నట్టుండే తీగల్లాంటి పదార్థమేదో అంతరిక్షమంతా అల్లుకుపోయి ఉంటుంది. తిరిగి వెళ్ళడానికి దారి లేదు. వదిలి వచ్చిన అమ్మలు, అన్నలు, స్నేహితులు పోయి ఆరు వందల ఏళ్ళు దాటింది. ఈ ఒక్క విషయం మీదే ఎంత కథ చెప్పొచ్చో ఆలోచించండి. నిద్రలేచిన ప్రతి మనిషీ ఏకకాలంలో తన వాళ్ళందరినీ పోగొట్టుకున్న మనిషి. ఆటలో ఈ దుఃఖం గురించి మాట్లాడే మనుషులు లేకపోలేదు, నెక్సస్‌లో అక్కడక్కడా తగులుతారు. కానీ రెండు ముక్కలు మాట్లాడి మళ్ళీ ఏదో వస్తువు స్కాన్ చేసి రమ్మంటారు.

హాబిటాట్ 7 మీద మొదటి గంట బాగుంటుంది. కొండలు గాల్లో తేలుతుంటాయి, మెరుపులు ఆగకుండా పడుతుంటాయి. చివర్లో నాన్న ఆలెక్ రైడర్, హెల్మెట్ పగిలి ఊపిరాడక గిలగిల్లాడుతున్న కూతురికి తన హెల్మెట్ తీసి పెట్టి తను చనిపోతాడు. నేను ఆడింది సారా రైడర్‌గా. ఆ క్షణంలో పదవి కూడా ఆమెకి వచ్చేస్తుంది, వరసలో ఉన్న కోరా హార్పర్‌కి కాకుండా. తోడబుట్టినవాడు స్కాట్ ఓడలో కోమాలో ఉంటాడు. నాన్న పోయాడు, కవల సోదరుడు లేవడం లేదు, అర్హత నిరూపించుకోని ఒక చిన్నపిల్ల చేతిలో ఇరవై వేల మంది భవిష్యత్తు పెట్టారు. ఇంత బరువైన చోటు నుంచి కథ నెక్సస్‌కి వెళ్తుంది. అక్కడే మొదటి దెబ్బ తగిలింది.

ఇక ముఖాలు. నెక్సస్‌లో కాలనీల వ్యవహారాలు చూసే అడిసన్ అనే అధికారి ఉంటుంది. విడుదలకి కొద్దిరోజుల ముందే ఆమె వీడియో ముక్కలు ప్రపంచమంతా తిరిగాయి. అన్నిటితో వేగి వేగి నా ముఖం అలసిపోయిందండీ అనే అర్థం వచ్చే మాట ఒకటి ఆమె అంటుంది. ఆ మాట అంటున్న ముఖంలో అలసట లేదు, కోపం లేదు, ఏమీ లేదు. కళ్ళు గాజుగోళీల్లా ఒకే చోట నిలబడి ఉంటాయి, కనుబొమలు కదలవు, పెదాలు మాత్రం మాటకి తగ్గట్టు తెరుచుకుని మూసుకుంటాయి. గొంతు ఇచ్చిన నటి తన పని తను చేసింది, విసుగు గొంతులో వినిపిస్తుంది. కళ్ళు మూసుకుని వింటే ఆ సన్నివేశం బతికే ఉంది. తెరిస్తే పోతుంది. ఆసారీ జాతిలో మన జట్టులోని పీబీ తప్ప మిగతా ఆడవాళ్ళందరికీ దాదాపు ఒకే ముఖం. ఓడలో డాక్టరుతో మాట్లాడి బయటికి వచ్చి ఇంకో ఆసారీతో మాట్లాడితే అదే మనిషి వేషం మార్చుకుని వచ్చినట్టుంది.

ఏప్రిల్ 6న వచ్చిన 1.05 ప్యాచ్ కళ్ళని బాగుచేసింది. నేను రెండోసారి ఆడినప్పుడు అడిసన్ కళ్ళలో తడి, నీడ, కాస్త ప్రాణం ఉన్నాయి. ఒప్పుకోవాలి, పెద్ద మార్పే అది. కానీ సంభాషణ రాసిన తీరుని ఏ ప్యాచ్ మార్చగలదు? మాస్ ఎఫెక్ట్ మూడు భాగాల్లోనూ నేను ప్రేమించింది మాటల్ని. ఒక గదిలో నలుగురు నిలబడి మాట్లాడుకుంటుంటే నా అరచేతులు చెమట పట్టేవి. ఇక్కడ ప్రతి పాత్రా వచ్చీ రాగానే తన పుట్టుపూర్వోత్తరాలు, తన కష్టం, తన అభిప్రాయం వరసగా ఒప్పజెప్పేస్తుంది. పరిచయమైన రెండు నిమిషాలకే ఎవరైనా అలా మనసు విప్పుతారా? పాత ఆటల్లోని మంచి, మొరటు కొలమానాన్ని తీసేసి నాలుగు ధోరణులు పెట్టారు. భావోద్వేగంతో మాట్లాడొచ్చు, తర్కంతో, తేలిగ్గా, వృత్తిధర్మంగా మాట్లాడొచ్చు. ఆలోచన చాలా బాగుంది, మంచీచెడూ అనే తక్కెడ కంటే మనిషి స్వభావానికి దగ్గరగా ఉంది. కానీ ఏది నొక్కినా ఎదుటివాడు చెప్పే జవాబు ఇంచుమించు అదే. నేను ఒక సన్నివేశాన్ని నాలుగుసార్లు సేవ్ నుంచి లోడ్ చేసి నాలుగు ధోరణుల్లోనూ విన్నాను. సారా మొదటి వాక్యం మారింది, ఆ తర్వాత నాలుగు దారులూ ఒకే రోడ్డులో కలిశాయి.

యుద్ధం సంగతి వేరు. దాని గురించి ఎంతసేపైనా మంచిగా మాట్లాడగలను. పాత భాగాల్లో నడుమెత్తు గోడ వెనక నక్కి, తల బయటపెట్టి కాల్చి, మళ్ళీ నక్కడమే. ఇక్కడ వీపున జంప్‌జెట్ కట్టారు. ఎగరొచ్చు, గాల్లోనే పక్కకి దూకొచ్చు, గురిపెట్టినంతసేపు అక్కడే తేలి నిలబడొచ్చు. దాంతో యుద్ధభూమికి ఎత్తు అనే కొత్త కొలత వచ్చింది. నేను బయోటిక్ శక్తులతో, అంటే మనసుతో మనుషుల్ని, వస్తువుల్ని కదిలించే శక్తులతో ఆడాను. కెట్ అనే శత్రుజాతి సైనికుడు పెట్టెల చాటున కూర్చున్నాడు. పైకి ఎగిరాను, చాటు అనేది లేకుండా పోయింది. పుల్‌తో వాణ్ణి గాల్లోకి లేపాను, వాడు కాళ్ళు కొట్టుకుంటూ తేలుతున్నాడు. వెంటనే థ్రో విసిరితే రెండు శక్తులూ కలిసి పేలాయి, పక్కనున్న ఇద్దరు కూడా ఎగిరిపడ్డారు. నేను కిందికి దిగేలోపు ఛార్జ్‌తో నాలుగోవాడి మీదికి దూసుకెళ్ళాను, ఆ దెబ్బకి నా షీల్డు తిరిగి నిండింది. ఇదంతా నాలుగైదు సెకన్లు. ఈ నాలుగైదు సెకన్ల కోసం మాత్రం నేను ఇప్పటికీ ఆ డిస్క్ బయటికి తీస్తాను. మొత్తం సిరీస్‌లో ఇంత బాగా కదిలే యుద్ధం లేదు.

తరగతి అనే కట్టుబాటు లేదు. సోల్జర్ అయినా, ఆడెప్ట్ అయినా, ఇన్‌ఫిల్ట్రేటర్ అయినా ఏ నైపుణ్యమైనా నేర్చుకోవచ్చు, మధ్యలో ప్రొఫైల్ మార్చుకోవచ్చు. స్వేచ్ఛ బాగుంది కానీ ఒకసారికి చేతిలో ఉండేవి మూడు శక్తులే. పాత ఆటల్లో ఆట ఆపి, చక్రం తెరిచి, ఎవరు ఏ శక్తి ఎవరి మీద వాడాలో తీరిగ్గా చెప్పేవాళ్ళం. సహచరుల శక్తులు మన చేతిలో ఉండేవి. ఆ చక్రం పోయింది. ఇప్పుడు సహచరులకి అక్కడికి వెళ్ళు, వాణ్ణి కొట్టు అని మాత్రమే చెప్పగలం. జట్టుగా పోరాడుతున్న భావన నాకు ఎక్కడా రాలేదు. నేను ఎగురుతుంటాను, వాళ్ళెక్కడో నా వెనక కాలుస్తుంటారు, ఎవరైనా పడిపోతే లేపాలి. యాక్షన్ పెరిగింది, రోల్ ప్లేయింగ్ తగ్గింది అనే మాటని ఆటల విషయంలో తరచుగా వింటుంటాం. ఆ మాట వేలికి తగిలేలా అర్థమైంది నాకు ఇక్కడే.

రెమ్నెంట్ అనే పురాతన యంత్రాల్లో పెద్దదైన ఆర్కిటెక్ట్‌తో పోరాటం ఒక్కటి ప్రత్యేకంగా చెప్పాలి. ఎడారి ఇసుకలోంచి కొండంత యంత్రం లేచి, కాళ్ళు పాతి నిలబడి, ఆకాశం కప్పేస్తుంది. ఇప్పటిదాకా ఎవరూ చూడనిది ఇదే, నేనే మొదట చూస్తున్నాను అనిపించింది. ఆ భయం, ఆ ఆశ్చర్యం నాకు నిజంగా కలిగాయి. తర్వాత రెండో గ్రహం మీద మళ్ళీ అదే ఆర్కిటెక్ట్. మూడో గ్రహం మీద మళ్ళీ.

గ్రహాలు చూడ్డానికి అందంగా ఉంటాయి, ఇందులో వాదన లేదు. ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ వెలుతుర్ని చూపించే తీరు అద్భుతం. వోయెల్డ్ మంచు తుపానులో నోమాడ్ బండి లైట్లు పది అడుగుల దూరం మించి వెళ్ళవు. ఎలాడెన్‌లో ఎండలోకి వస్తే సూట్ వేడెక్కిపోతుంది, రాతి నీడల్లో ఆగి ఆగి పోవాలి. ఆరు చక్రాల నోమాడ్‌కి తుపాకి లేదు, నేను దాన్ని మెచ్చుకుంటాను, అది పరిశోధకుల బండి. నిటారు కొండ ఎదురైతే పట్టు పెంచే మోడ్‌లోకి మార్చి, నెమ్మదిగా, చక్రాలు మూలుగుతుంటే పైకి పాకించాలి. శిఖరం మీద ఆగి కిందికి చూడ్డం బాగుంటుంది. లోపల కూర్చున్న సహచరులు డ్రాక్, పీబీ, వెట్రా, లియం ఒకరినొకరు ఏడిపించుకుంటూ ఉంటారు. ఈ కబుర్లు ఆటలో అన్నిటికంటే మంచి రాత. ఒకటి సగంలో ఉండగా బుర్రలో ఉన్న కృత్రిమ మేధ సామ్ అడ్డొచ్చి, ఇక్కడ ఖనిజాలున్నాయి, అక్కడ ఉష్ణోగ్రత పడిపోతోంది అని చెప్తాడు. కబురు తెగిపోతుంది. తెగినది మళ్ళీ వినిపించదు. డ్రాక్ తన వయసు గురించి మొదలుపెట్టిన ఒక మాట అలా తెగిపోతే దాని మిగతా సగం వినాలని ఒక సాయంత్రమంతా ఆ గ్రహం మీద ఊరికే బండి తోలాను.

ఇంత అందమైన చోట మనం చేసే పని ఏమిటంటే, మూడు స్తంభాల దగ్గరికి వెళ్ళాలి. చాలా గ్రహాల మీద ఇదే. ఒక్కోదాని దగ్గర స్కానర్ పట్టుకుని గుర్తులు వెతకాలి. తర్వాత సుడోకులాంటి పజిల్ ఒకటి పూర్తిచేయాలి. అడ్డం, నిలువు, గడి, ఎక్కడా ఒక గుర్తు రెండుసార్లు రాకూడదు. తప్పితే యంత్రాలు మీద పడతాయి. మూడూ అయ్యాక భూగర్భంలో వాల్ట్ తెరుచుకుంటుంది. లోపల గెంతుతూ చివరిదాకా వెళ్ళి మీట నొక్కితే, వెనక నుంచి మేఘంలాంటిది తరుముకొస్తుంది, పరిగెత్తి బయటపడాలి. ఇయోస్‌లో మొదటిసారి చేసినప్పుడు నేను కుర్చీ అంచున కూర్చున్నాను. బయటికి రాగానే ఆకాశంలో రేడియేషన్ విచ్చిపోయి, వెలుతురు మారింది. ఒక గ్రహాన్ని బతికించాను అనిపించింది. వోయెల్డ్‌లో అదే క్రమం. హావర్ల్‌లోనూ స్తంభాలే. కడారాలో నాకు మేఘం వెనక తరుముతున్నా భయం వేయలేదు. ఎక్కడ మలుపు ఉందో కాళ్ళకి తెలుసు. తెలియని నాగరికత విడిచిపెట్టిన ఆలయంలాంటి చోట ఆడేవాళ్ళ కాళ్ళకి దారి తెలిసిపోయిందంటే, అక్కడ రహస్యం అయిపోయినట్టే.

ఈ స్తంభాల చుట్టూ టాస్క్‌లనే చిన్న పనులు మొలుస్తాయి. పది రాళ్ళు స్కాన్ చేయాలి, కానీ ఎక్కడున్నాయో మ్యాప్ మీద గుర్తు ఉండదు, తిరుగుతుంటే తగలాలి. ఒక మనిషి ఫలానా గ్రహం నుంచి ఏదో తెమ్మంటాడు. అక్కడికి వెళ్తే సంకేతం ఇంకో నక్షత్రమండలం చూపిస్తుంది. మధ్యలో ఓడ కిటికీలోంచి చూస్తున్నట్టు గ్రహం నుంచి గ్రహానికి తేలుతూ పోయే దృశ్యం వస్తుంది. మొదటి పదిసార్లూ చాలా ఇష్టంగా చూశాను. మొదటిసారి ఆడిన రోజుల్లో దాన్ని దాటేయడానికి వీల్లేకుండా ఉండేది, 1.05 ప్యాచ్‌లో దాటేసే వీలు ఇచ్చారు. ఆయుధాల పరిశోధనకి మూడు రకాల డేటా, తయారీకి డజను రకాల లోహాలు, ప్రతి తుపాకికీ ఐదు అంకెల తేడాతో ఐదు నకళ్ళు. సామాన్ల సంచి నిండిపోతే మళ్ళీ కూర్చుని విడగొట్టుకోవాలి. ఇది ఎవరికి సరదా?

అన్నీ ఇలాగే ఉంటే నేను మొదటి వారమే వదిలేసేదాన్ని. వదల్లేదంటే కారణం మధ్యలో మెరుపులున్నాయి. వోయెల్డ్‌లో మంచు కింద కెట్ స్థావరంలోకి జాల్‌తో కలిసి వెళ్తాం. జాల్ ఆంగారా, ఆ గెలాక్సీ సొంత జాతి మనిషి. ఆంగారాలు లోపల ఏముంటే అది బయటికి చూపిస్తారు, ఏడుపొస్తే ఏడుస్తారు, కోపం వస్తే అరుస్తారు. ఆ జాతిని కెట్లు దశాబ్దాలుగా ఎత్తుకుపోతున్నారు. ఎత్తుకుపోయినవాళ్ళు తిరిగి రారు, చంపేస్తున్నారని అందరి నమ్మకం. ఆ స్థావరంలో అద్దం వెనక నిలబడి చూస్తాం. ఒక ఆంగారా ఖైదీ మోకాళ్ళ మీద ఉంటాడు. సూదిలాంటిదేదో గుచ్చుతారు. వాడి ఒళ్ళు వంకర తిరుగుతుంది, ఎముక చర్మం మీదికి పొడుచుకొస్తుంది, కాసేపటికి అక్కడ లేచి నిలబడింది కెట్. ఇన్నాళ్ళూ జాల్ తన రైఫిల్‌తో కాల్చి చంపిన ప్రతి శత్రువూ ఒకప్పటి తన మనిషి. అతను అరిచిన అరుపు తర్వాత నేను కంట్రోలర్ కింద పెట్టేశాను. తర్వాతి నిర్ణయం కూడా బరువైనదే. బందీగా ఉన్న ఆంగారాల గురువు మోషేని వదిలేస్తాను, స్థావరం జోలికి మాత్రం రావద్దంటుంది అక్కడి కార్డినల్. స్థావరం పేల్చేస్తే లోపలున్న బందీలంతా పోతారు. వదిలేస్తే ఈ పని సాగుతుంది. నేను చాలాసేపు ఆలోచించాను.

నెక్సస్‌లో ఇంకో చిన్న కథ ఉంది, మొదటి హంతకుడు అని. టురియన్ జాతికి చెందిన నిల్కెన్ తన సాటివాణ్ణి కాల్చి చంపాడని శిక్ష పడింది, బహిష్కరించబోతున్నారు. అతని భార్య వచ్చి మళ్ళీ విచారించమంటుంది. గ్రహం మీదికి వెళ్ళి శవాన్ని స్కాన్ చేస్తే తెలిసేదేమంటే, చంపింది కెట్ తూటా. అయితే నిల్కెన్ కాల్చిన మాట నిజమే, కోపంలో చంపాలనే కాల్చాడు, గురి తప్పింది. ఇప్పుడేం చేస్తారు? చట్టాలే ఇంకా పూర్తిగా రాసుకోని కొత్త సమాజంలో, చంపాలనుకోవడమూ చంపడమూ ఒకటేనా? ముప్పై నిమిషాల్లో అయిపోయే కథ ఇది. స్తంభాల మీద, రాళ్ళ మీద ఖర్చుపెట్టిన సమయం ఇలాంటి కథల మీద పెట్టి ఉంటే నేను ఈ సమీక్ష వేరేలా రాసేదాన్ని.

కానీ నిర్ణయాల ఫలితాల దగ్గర మళ్ళీ నిరాశే. ఇయోస్‌లో మొదటి కాలనీని శాస్త్రవేత్తలకి ఇవ్వాలా, సైనికులకి ఇవ్వాలా అని అడుగుతారు. భయంకరమైన ఎంపికలా వినిపిస్తుంది. రెండుసార్లు రెండు రకాలుగా ఎంచుకున్నాను. కొన్ని సంభాషణలు, కొన్ని మెయిళ్ళు మారాయి. కెట్ల నాయకుడు ఆర్కాన్ ఓడలో సలారియన్ జాతి పాత్‌ఫైండర్ రేకాని కాపాడాలా, డ్రాక్ తాలూకు క్రోగన్ స్కౌట్లని కాపాడాలా అన్న చోట నిజంగా గుండె ఆగింది. తర్వాత డ్రాక్ కొంతసేపు కోపంగా మాట్లాడాడు, అంతే. 2007 నాటి మొదటి భాగంలో విర్మైర్ అనే గ్రహం మీద ఇద్దరు సహచరుల్లో ఒకరిని వదిలేసి రావాలి. వదిలేసిన మనిషి మిగతా రెండు భాగాల్లోనూ లేకపోవడం మనల్ని వెంటాడుతుంది. ఆండ్రోమెడాలో ఎవరూ నన్ను అలా వెంటాడలేదు.

ఎందుకిలా అయిందో కొంత తెలుసుకున్నాను. 2017 జూన్‌లో బయటికి వచ్చిన ఒక వివరమైన కథనం ప్రకారం, తయారీకి ఐదేళ్ళు పట్టినా, మనం ఆడే ఆటలో ఎక్కువ భాగం చివరి 18 నెలల లోపే తయారైంది. మొదట వందల గ్రహాల్ని గణితంతో వాటంతటవే పుట్టేలా చేద్దామనుకున్నారు. ఆ ఆలోచన 30 గ్రహాలకి తగ్గి, చివరికి 7 దగ్గర ఆగింది. ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ యుద్ధ షూటింగ్ ఆటల కోసం పుట్టింది, రోల్ ప్లేయింగ్ ఆటకి కావాల్సిన చాలా పరికరాలు దానికి ముందు నుంచీ లేవు. ఇది చదివాక తయారుచేసినవాళ్ళ మీద కోపం పోయింది. ఖాళీగా అనిపించిన మైదానాల్లో ఒకప్పటి పెద్ద కల గీసిన పెన్సిల్ గీతలు కనిపించడం మొదలైంది. వందల గ్రహాలుంటే నిజంగానే నేనే మొదట అడుగుపెట్టే గ్రహం ఒక్కటైనా ఉండేదేమో.

మరి ఆడొచ్చా? యుద్ధం కోసమైతే ఆడండి, ఎత్తైన కష్టస్థాయిలో ఆడండి, టాస్క్‌లు అని రాసి ఉన్న ఏ పనీ ముట్టుకోకండి. ప్రధాన కథ, సహచరుల సొంత కథలు, నోమాడ్‌లో కబుర్లు, ఇంతవరకు చాలు, ముప్పై గంటల్లో పూర్తవుతుంది. లియం సొంత మిషన్‌లో ఓడ గురుత్వం పక్కకి తిరిగిపోయి గోడల మీద నడుస్తారు, అది తప్పకుండా చూడండి. అందరూ కలిసి సినిమా చూసే రాత్రి కూడా. పాత మూడు భాగాలు ఇంకా ఆడనివాళ్ళైతే ముందు అవి ఆడండి, 2021లో వాటిని మెరుగుపరిచి ఒకే కూర్పుగా ఇచ్చారు. వాటి బరువు మోసుకుని దీని దగ్గరికి వస్తే నాలాగే బాధపడతారు, ఇది చెప్పకుండా ఉండలేను.

చివరి ఘట్టం మెరిడియన్ అనే కృత్రిమ లోకం మీద జరుగుతుంది. దానికి కాస్త ముందు, హైపీరియన్‌లో కొన్ని నిమిషాలు లేచి వచ్చిన స్కాట్‌గా కూడా ఆడిస్తారు, తడబడుతూ నడిచే ఆ ముక్క నాకెంతో నచ్చింది. గెలిచాక క్వేరియన్లు అనే ఇంకో జాతి ఓడ నుంచి ఒక సందేశం వస్తుంది, దగ్గరికి రావద్దు అని. కెట్లలో రెండోస్థానంలో ఉన్న ప్రైమస్ తప్పించుకుంటుంది. ఇనిషియేటివ్‌కి డబ్బు పెట్టిన అజ్ఞాత దాత ఎవరో, స్థాపకురాలు జియెన్ గార్సన్‌ని ఎవరు చంపించారో చెప్పరు. రెమ్నెంట్‌ని నిర్మించిన జార్డాన్‌లు ఎక్కడికి పోయారో చెప్పరు. అన్నీ తర్వాత చెప్తారనుకున్నాను. 2017 ఆగస్టులో, ఒంటరిగా ఆడే భాగానికి ఇక అప్‌డేట్లు ఉండవని ప్రకటన వచ్చింది. కథా విస్తరణ ఒక్కటి కూడా రాలేదు. క్వేరియన్ల ఓడ సంగతి ఒక నవలలో చెప్పారు.

ఇవన్నీ ఒక ఎత్తు, నాన్న జ్ఞాపకాలు ఒక ఎత్తు. ఆటంతా తిరిగి ఆలెక్ దాచిపెట్టిన జ్ఞాపకాల్ని ఒక్కొక్కటే ఏరుకుంటే, సామ్ వాటిని విప్పి చూపిస్తాడు. చివరి జ్ఞాపకంలో తెలుస్తుంది, చనిపోయిందని మనం నమ్మిన అమ్మ ఎలెన్ చనిపోలేదు. నయంకాని జబ్బుతో ఉన్న ఆమెని ఆలెక్ వేరే పేరుతో హైపీరియన్‌లోనే నిద్రపుచ్చి తెచ్చాడు, ఎప్పటికైనా మందు దొరుకుతుందని. సారా ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి, అద్దం మీద చేయి ఆనించి నిలబడుతుంది. ఆ సన్నివేశంలో ముఖాలు బాగాలేవని నాకు గుర్తే రాలేదు. మందు కనిపెట్టే కథ ఆటలో లేదు, ఆ తర్వాతా రాలేదు. ఎలెన్ ఇంకా ఆ పెట్టెలోనే ఉంది, పక్కన వేరే ఎవరిదో పేరు రాసి ఉంది.